ఏడు రాజ్యాలు పక్కన పెట్టు, ముందు ఒక చెరువు తవ్వు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. హనుమకొండలో నలుగురు దోస్తులతో ఓరుగల్లు కాకతీయుల కాలాన్ని పోలిన ఫాంటసీ లోకంలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ క్యాంపెయిన్, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర ఆడుతూ వారాల తరబడి నడిపే కథ, మొదలుపెట్టాలి. నలభై పేజీల చరిత్ర, ఏడు రాజ్యాలు, వంశవృక్షాలు, రంగుల మ్యాపు అన్నీ సిద్ధం. అయినా మొదటి సెషన్‌లో ఆటగాళ్ల ముందు ఏం పెట్టాలో తోచడం లేదు. రామప్పను, మేడారాన్ని ఎలా వాడాలి, దేవుళ్లను ఏం చెయ్యాలి, ఏ రూల్స్ తీసుకోవాలి అని కూడా అడిగావు.

చాలా ఏళ్లుగా ఇక్కడే డీఎంగా (కథ చెప్తూ ఆటను నడిపే మనిషిగా) ఆట నడిపిస్తున్నవాడిగా చెప్తున్నా. ఆ నలభై పేజీలు ఎవరూ చదవరు. నీ దోస్తులు చెడ్డవాళ్లని కాదు, శనివారం సాయంత్రం మిర్చి బజ్జీలు ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లకు మూడో గణపతి తాత ఎవరైతే ఏమిటి? వాళ్లకు కావాల్సింది చెయ్యి పెట్టగలిగే తగాదా. మన జిల్లాల్లో తగాదాకు చెరువును మించిన చోటు లేదు. కాబట్టి రాజ్యాలు పక్కన పెట్టి ఒక చెరువు తవ్వు. దాని చుట్టూ రెండు ఊళ్లు పెట్టు. మొదటి నెల రోజులకు అంతే లోకం.

ఇది నా సొంత తెలివేమీ కాదు, మన చరిత్రే అలా ఉంది. కాకతీయుల తొలి తరాల పేర్లు మనకు వరుసగా దొరికేది ఎక్కడో తెలుసా? ఇప్పటి మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు దగ్గరి శాసనంలో. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ చెరువు తవ్వించి, పక్కన రాయి నిలబెట్టి, అందులో తన పుట్టింటి వంశక్రమం చెక్కించింది. అంటే అంత పెద్ద వంశవృక్షం కూడా చివరికి ఒక చెరువుగట్టు మీది రాయిగానే మన దాకా వచ్చింది. నీ నలభై పేజీలనూ అలాగే చెయ్యి. ఒక రాయి మీద పట్టినంత ఉంచు, అందులోనూ ఒక వరుస ఎవరో ఉలితో చెక్కేసినట్టు పెట్టు. ఆ వరుసలో ఏముందో కనుక్కోవడానికి ఆటగాళ్లు నెలలు తిరుగుతారు.

చెరువు అంటే నీళ్ల గుంట అనుకోకు. దాని మీద ఆధారపడ్డవాళ్లందరికీ వేరువేరు లెక్కలుంటాయి. ఆయకట్టు రైతుకు చెరువు నిండాలి. శికంలో, అంటే చెరువు లోపలి భూమిలో సాగు చేసుకునేవాడికి నిండకూడదు, నిండితే వాడి పంట మునుగుతుంది. చేపలు పట్టేవాళ్లకు ఎండాకాలం దాకా నీళ్లు నిలవాలి, కాబట్టి తూము ఎక్కువగా తెరిస్తే వాళ్లకు కోపం. కుమ్మరికి నీళ్లు తగ్గితేనే మట్టి దొరుకుతుంది. గుడికి శాసనం ప్రకారం కొంత భూమి మీద హక్కుంది, పూజారి ఆ హక్కు మీదే బతుకుతాడు. వీళ్లందరి మధ్య నీరటి ఉంటాడు. ఎవరి పొలానికి ఎన్ని గడియలు నీళ్లు పారాలో వాడి చేతిలో ఉంటుంది. ఊళ్లో అందరికంటే పేదవాడు వాడే కావచ్చు, కానీ అర్ధరాత్రి ఎవరు ఏ గండి కొట్టారో వాడికే తెలుసు. నీ మొదటి ఎన్‌పీసీ, అంటే ఆటగాళ్లు కాకుండా నువ్వు ఆడించే పాత్ర, వాడే. మంత్రి, సేనాని, రాకుమారి తర్వాత చూసుకుందాం.

తూము ఎలా ఉంటుందో ఆటగాళ్లకు సరిగ్గా చూపించు. నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ ఒక అడ్డరాయి, ఆ అడ్డరాతి చిల్లులోంచి కిందికి దిగిన పొడుగాటి కొయ్య, కొయ్య అడుగున బిరడా. బిరడా ఎంత లేపితే అంత నీరు. స్తంభాల దాకా ఈదుకుంటూ పోవాలి, రాయి పాకురు పట్టి ఉంటుంది. ఇంతే చెప్పి ఊరుకో. నా టేబుల్‌లో ఒకసారి దిగువ ఊరివాళ్లు ఆటగాళ్లను మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు) దగ్గర కాపలాకు పెట్టారు. అర్ధరాత్రి గడ్డపారలతో వచ్చింది దొంగలు కాదు, శికం రైతులు. వాళ్లలో ఒకడు కాపలా పెట్టినాయన అల్లుడు. కత్తి దూయాలా, మాట్లాడాలా, కళ్లు మూసుకోవాలా అని ఆటగాళ్లు తమలో తాము గొంతు తగ్గించి కొట్లాడుకుంటుంటే మత్తడి రాయి ఒకటి కదిలింది. తెల్లారేసరికి పొలాల్లో చేపలు. ఆ రోజు ఒక్క పోరాటం జరగలేదు, కానీ తర్వాతి వారం ఎవరూ ఆట మానలేదు.

ఇక మాయ సంగతి. నీ మ్యాపులో మాంత్రికుల విద్యాపీఠం ఒకటి చూశాను. దాన్ని తీసెయ్. మన నేల మీద మాయ ఎక్కడుండాలో శాసనాలే చెప్తున్నాయి. పాత దానశాసనం చూడు. ఎవరు ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, నాలుగు దిక్కులా ఎల్లలు ఏవి, సాక్షులెవరు అన్నీ ఉంటాయి. పైన సూర్యచంద్రుల బొమ్మలు ఉంటాయి, అవి ఉన్నంత కాలం ఈ మాట చెల్లుతుందని. చివర శాపం. ఇచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శ్లోకం. ఇప్పుడు నీ లోకంలో ఆ శాపం నిజంగా పనిచేస్తుందనుకో. అంతే, మాయకు ఒక పద్ధతి వచ్చేసింది. దాత, ఎల్లలు, సాక్షులు, శాపం ఈ నాలుగూ సరిగ్గా ఉంటే రాతి మీద చెక్కిన మాట లోకాన్ని కట్టేస్తుంది. ఒక్కటి తప్పినా ఎదురు తిరుగుతుంది. నీ మాంత్రికుడు పొడుగు టోపీ పెట్టుకున్న ముసలాయన కాదు, ఉలి పట్టిన శిల్పి, పక్కన పద్యం అల్లే కవి. లెవెల్ పెరిగేకొద్దీ వాళ్లు ఎక్కువ విస్తీర్ణాన్ని, ఎక్కువ కాలాన్ని కట్టగలరు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. శాసనం రాసినవాణ్ణి కూడా కడుతుంది. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చూడు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారు, మేం అలా చెయ్యం, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని పరదేశి వర్తకులకు ఇచ్చిన మాట అది. రాజు తన చేతుల్ని తానే కట్టేసుకున్నాడన్నమాట. నీ ఆటలో ఒక రాజుకు అలాంటి పాత మాట అడ్డమొచ్చి, ఆ రాయిని రహస్యంగా పగలగొట్టడానికి ఆటగాళ్లను పెట్టుకున్నాడనుకో. డబ్బు బాగా ఇస్తాడు. శాపం మాత్రం ఉలి పట్టినవాడికే తగులుతుంది.

దీని వెంటే గుప్తనిధుల మాట కూడా వస్తుంది. మామూలు డంజియన్ ఆటలో నలుగురు సాహసికులు పాడుబడ్డ గుడిలోకి దూరి నిధి ఎత్తుకొస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. మన ఊళ్లో అదే పని చేస్తే పట్టుకుని చెట్టుకు కట్టేసి పోలీసులకు ఫోన్ చేస్తారు. గుప్తనిధుల కోసం పాత గుళ్లలో నంది కింద తవ్విన గుంతలు ఎన్ని చూడలేదు మనం! కాబట్టి నీ పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల జట్టు, పాడుగుడిలో అడుగుపెట్టే ముందే ఆ గుడి ఎవరిదో, దాని దీపానికి నూనె ఎవరు ఇస్తున్నారో నువ్వు తేల్చుకో. నిధి ఎత్తితే ఎవరి కడుపు కొట్టినట్టో తెలిస్తే, బంగారం దొరికిన క్షణంలోనే కథ ముందుకు కదులుతుంది.

రామప్పను ఎలా వాడాలన్నావు. పాలంపేట గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్లలో తేలే ఇటుకల శిఖరం, నల్లరాతి మదనికలు అందరికీ తెలిసినవే. ఆటకు పనికొచ్చేది పునాది. గుంత తీసి ఇసుక నింపి, దాని మీద గుడి లేపారు. పక్కనే పెద్ద చెరువు ఉంది. ఇప్పుడు నీ లోకంలో ఆ రెంటినీ ముడిపెట్టు. చెరువు నిండుగా ఉన్నంత కాలం పునాది ఇసుక తడిగా, గట్టిగా ఉంటుంది. చెరువు ఎండితే ఇసుక జారుతుంది. అంటే ఎగువన ఎవరో గండి కొడితే, దిగువన గుడి కింది గదులు రోజురోజుకూ ఒరుగుతాయి. సోమవారం నేలగా ఉన్నది గురువారానికి వాలు. తలుపులు బిగుసుకుపోతాయి, మూసి ఉన్న గదులు తెరుచుకుంటాయి. ఆటగాళ్లు లోపలికి ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు కొత్త మ్యాపు. శిఖరం కూలిపోతే ఇటుకలు చెరువులో తేలుతూ ఉంటాయి, వాటిని తాడుతో కట్టి తెప్ప చేసుకున్న ఆటగాణ్ణి నేను ఇప్పటికీ మెచ్చుకుంటా. ఇవాళ కూడా రామప్ప గుడిలో నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, పోయినప్పుడు స్తంభాల మధ్య నిదానంగా నడిచి చూడు, కాలికే తెలుస్తుంది. ఇంకొకటి, ఆ గుడికి జనం వాడుకలో రాజు పేరు లేదు, సేనాని పేరు లేదు, శిల్పిదని చెప్పుకునే పేరు నిలిచింది. నీ లోకంలో కూడా ప్రతి కట్టడానికీ రెండు పేర్లు పెట్టు, రాతి మీద ఉన్నది ఒకటి, జనం నోట్లో ఉన్నది ఒకటి.

దేవుళ్ల దగ్గర కొంచెం ఆగుదాం. రూల్ పుస్తకాల్లో దేవుళ్లకు శాఖలు ఉంటాయి, ఒకరికి యుద్ధం, ఒకరికి వెలుగు, ఒకరికి చావు, సచివాలయంలో మంత్రుల్లా. మన ఊరి దేవతలు అలా ఉండరు. వాళ్లకు శాఖ కాదు, చోటు ఉంటుంది. కట్ట మైసమ్మ కట్ట మీద ఉంటుంది, ఆ కట్ట తెగకుండా చూసుకుంటుంది, పక్క ఊరి కట్ట ఆమె పని కాదు. పోచమ్మ ఊరి అంచున వేపచెట్టు కింద. ఊరి నడుమ బొడ్రాయి. బొడ్రాయి పండుగ నాడు పొలిమేర కట్టేస్తే బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. ఆ రోజు రాత్రి నీ పార్టీలో ఇద్దరు లోపల, ఇద్దరు బయట ఉండిపోయారనుకో, సెషన్ దానంతట అదే నడుస్తుంది. నేను పెట్టుకున్న రూల్ చిన్నది. దేవత ఇచ్చిన బలంతో మాయ చేసే పాత్రను క్లెరిక్ అంటారు కదా, ఆ క్లెరిక్ శక్తి తన దేవత చెరువు నీళ్లు పారినంత దూరమే పనిచేస్తుంది. ఆయకట్టు దాటితే ఇంకో తల్లి అనుమతి అడగాలి, ఆమెకు ఏం కావాలో కనుక్కోవాలి. క్లెరిక్ ఆడేవాడు మొదట్లో గొణుగుతాడు. రెండు ఊళ్లు తిరిగాక, అందరికంటే ఎక్కువ మందితో పరిచయాలున్నది వాడికే అని గమనిస్తాడు.

అయితే ఇవన్నీ ఇవాళ్టికీ జనం మొక్కుతున్న దేవతలు. అందుకే పేర్లు మార్చమంటాను, ముఖ్యంగా మేడారం విషయంలో. సమ్మక్క సారలమ్మలకు హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటారో ఆ లెక్క) రాసి టేబుల్ మీద పెట్టే పని చెయ్యకు. నీ టేబుల్‌కు వచ్చేవాళ్లలో ఎవరి ఇంట్లోనో నిలువెత్తు బంగారం మొక్కు ఉంటుంది. కానీ ఆ జాతర నడిచే తీరు ఏ ఫాంటసీ పుస్తకంలోనూ దొరకనిది, దాన్ని మాత్రం నేర్చుకో. విగ్రహం లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో కన్నెపల్లి నుంచి సారలమ్మ, మర్నాడు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణ రూపంలో సమ్మక్క వస్తారు. తెచ్చేది కోయ పూజారులు, ఇంకెవరికీ ఆ హక్కు లేదు. సమ్మక్క వచ్చేటప్పుడు పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి వందనం చేస్తాడు, అంటే ప్రభుత్వమే వచ్చి తలవంచుతుంది. భక్తులు ఇచ్చే బంగారం బెల్లం. నాలుగో రోజు తల్లులు మళ్లీ వనానికి పోతారు, ఆ అడవిలో మళ్లీ మామూలు నిశ్శబ్దం.

ఆట దృష్టితో చూడు. రెండేళ్లు అడవిలో ఉండి నాలుగు రోజులు మాత్రమే జనంలోకి వచ్చే దేవత ఉంటే, నీ క్యాంపెయిన్‌కు క్యాలెండర్ దొరికినట్టే. ఆ నాలుగు రోజుల్లో శత్రువులు ఒకే వాగులో స్నానం చేస్తారు, అప్పులు తీరుతాయి, పారిపోయినవాళ్లు గుంపులో కలిసిపోతారు. ఇక ఆ తల్లుల కథ విను. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న అడవిబిడ్డల మీదికి కాకతీయ ప్రతాపరుద్రుడి సేన వచ్చిందని, వాళ్లు ఎదురు నిలిచి పోరాడారని చెప్తారు. మనం చెరువులు తవ్విన మహారాజులని పొగిడే కాకతీయులు ఆ కథలో పన్ను కోసం అడవి మీదికొచ్చినవాళ్లు. నీ రాజ్యాన్ని అడవి వైపు నుంచి కూడా ఒకసారి చూడు. అడవిలో ఉండేవాళ్లను ఎల్ఫులుగానో గాబ్లిన్లుగానో మార్చకు. వాళ్లూ మనుషులే, రాజుకంటే ముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్లు.

కాలం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఇక్కడే తేలుతుంది. స్వర్ణయుగంలో పెట్టకు, అక్కడ ఎవరికీ ఏ లోటూ ఉండదు. ఢిల్లీ సేనలు 1303లో వచ్చి వెనుదిరిగాయి, 1309లో మళ్లీ బయల్దేరి కోటను ముట్టడించి 1310లో కప్పం ఒప్పించుకుని పోయాయి, 1318లో వచ్చాయి, 1323లో ఓరుగల్లు పడిపోయింది. నీ కథను ఆ ఇరవై ఏళ్లలాంటి కాలంలో, కప్పం ఒప్పించుకున్న సేన తిరిగిపోయాక పెట్టు. పైవాడికి కప్పం కట్టాలి కాబట్టి రాజు నాయకుల మీద, నాయకులు ఊళ్ల మీద ఒత్తిడి పెంచుతారు. కట్టల మరమ్మతుకు పోవాల్సిన ధాన్యం కోటకు పోతుంది. రెండు వానలకు నీ చెరువు కట్ట జారుతుంది. ఎక్కడో వెయ్యి మైళ్ల అవతలి సుల్తాను కోరిక నీరటి ఇంటి ముందుకు వచ్చి నిలబడుతుంది. ఆటగాళ్లు సుల్తానును ఎన్నటికీ చూడకపోయినా సరే.

నీ నలభై పేజీలకు ఒక దారి చెప్తా. చేర్యాల నకాషీ పటాలు చూశావు కదా, ఎర్రటి నేపథ్యం మీద గడులు గడులుగా కథ, పటం విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లు. ఒక్కో పటం కథ ఒక్కో కులానిది, వాళ్ల పుట్టుక ఎలా జరిగిందో, ఎందుకు గొప్పవాళ్లో చెప్పేది. నీ చరిత్రను అలా ముక్కలు చెయ్యి. ఒకే యుద్ధాన్ని రాజు రాతి మీద ఒకలా, గొర్లకాపరుల ఒగ్గుకథలో ఇంకోలా, అడవి పాటలో మూడోలా చెప్పించు. ఏది నిజమో నువ్వు కూడా తేల్చుకోకు. చార్టు పేపర్లు అంటించి పొడుగు పటం చేసి, సెషన్‌కు ఒక గడి చొప్పున విప్పితే దోస్తులు ఫోన్లు పక్కన పెడతారు. బొమ్మలు బాగా రాకపోయినా పర్లేదు.

మ్యాపుకు ఖండం అక్కర్లేదు. రూల్స్ ప్రకారం నడిచేవాళ్లు రోజుకు 24 మైళ్లు పోతారు, అంటే సుమారు 39 కిలోమీటర్లు. హనుమకొండ నుంచి పాలంపేటకే రెండు రోజులు పడుతుంది. గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరానికి మూడు రోజులు దాటుతుంది, అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి శివుడిది, ఒకటి యముడిది అంటారు, దాన్నేం చేసుకుంటావో నీ ఇష్టం. పాఖాల, లక్నవరం, ఏటూరునాగారం అడవి ఇవన్నీ ఆ రెండు మూడు రోజుల నడకలోనే. ఓరుగల్లు కోటను దూరంగా ఉంచు. మట్టికోట, అగడ్త, లోపల రాతికోట, ఒక్కో వలయం దాటడానికి ఒక్కో అనుమతి. ఐదారు లెవెళ్లు వచ్చాక రాతికోటలో అడుగుపెడితే ఆ అడుగుకు బరువుంటుంది. నాలుగు కీర్తితోరణాలను వేరే లోకానికి పోర్టల్ చేద్దామని ప్రతి డీఎంకూ అనిపిస్తుంది. చెయ్యకు. కష్టపడి చెరువు తవ్వి ఊరు నిలబెట్టి, ఆటగాళ్లను వేరే లోకానికి పంపడం దేనికి?

మిగతావి గబగబా చెప్తా. పేర్లకు మల్యాల, గోన, రేచర్ల, విరియాల, చెరకు లాంటి ఆ కాలపు ఇంటిపేర్ల తీరు చూసి నీవి కల్పించుకో, నోరు తిరగని పేరు మాత్రం పెట్టకు. డబ్బుకు గోల్డ్ పీస్ బదులు గద్యాణం, చిల్లరకు రూక అను, మారకం పుస్తకంలో ఉన్నదే ఉంచు. దెయ్యాలకు కొరివి దెయ్యం నుంచి మీ నానమ్మ చెప్పినవన్నీ వాడుకో. కానీ ఊరి చివర ఒంటరి ముసలామెను బాణామతి చేసే విలన్‌ను చెయ్యొద్దు. ఆ పేరు చెప్పి నిజంగా మనుషుల్ని కొట్టి చంపిన చోట ఉన్నాం మనం. కులం, దేవుళ్లు, యుద్ధంలో ఆడవాళ్ల మీద జరిగేవి, వీటిలో ఏది టేబుల్ మీదికి రావచ్చు, ఏది రాకూడదు అన్నది సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలవ్వకముందు అందరూ కూర్చునే రోజునే, నలుగురితో మాట్లాడుకో. అరగంట పని.

రూల్స్ గురించి టెన్షన్ పడకు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం, ఎస్‌ఆర్‌డీ 5.1, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతోంది. దాన్ని తీసుకుని పైన చెప్పిన క్లెరిక్ రూల్, శాసనం రూల్ కలుపుకుంటే చాలు. డెక్స్‌టెరిటీ, సేవ్, ఇనిషియేటివ్ లాంటి మాటల్ని తెలుగు చెయ్యాలని తలకొట్టుకోకు, టేబుల్ దగ్గర ఎవరూ అలా మాట్లాడరు. కథ తెలుగులో చెప్పు, లెక్కలు ఎలా వస్తే అలా. డైస్ సెట్ కొనేదాకా ఫోన్ యాప్ సరిపోతుంది.

మొదటి సెషన్‌కు నీ చేతిలో ఒకే కాగితం ఉండాలి. చెరువు బొమ్మ, రెండు ఊళ్లు, నీరటి, శికం రైతు, పూజారి, గట్టు మీద వరుస చెరిగిన రాయి. సెషన్ అయిపోయాక కట్ట దాటి ఎటు పోదామనుకుంటున్నారో నలుగురినీ అడుగు. అడవి అంటే అడవి, కోట అంటే కోట. వచ్చే శనివారానికి అటువైపు మాత్రమే రాసుకో.